తయారీదారు లేకపోయినా నడిచే గడియారం: మైక్రోబ్రాండ్ వాచీలు కొనేవారికి

పెద్ద కంపెనీల పేరు లేకుండా, షోరూముల్లో దొరక్కుండా, ఇద్దరు ముగ్గురు మనుషులు కలిసి రూపకల్పన చేసి, విడతకు కొన్ని వందల చొప్పున తయారు చేయించి, ఇంటర్నెట్‌లో నేరుగా అమ్మే చేతిగడియారాలను మైక్రోబ్రాండ్ వాచీలు అంటున్నారు. ఇరవై వేల రూపాయల నుంచి లక్ష దాకా పెట్టి, చాలాకాలం ఇష్టంగా పెట్టుకునే వాచీ ఒకటి కొనుక్కోవాలనుకునే వారు వీటిని తప్పక పరిశీలించాలి. అయితే వీటిలోని ఆకర్షణా, వీటితో వచ్చే ఇబ్బందీ ఒకే చోట పుడతాయి. సంస్థ చిన్నది కాబట్టే కొత్తగా ఆలోచించగలుగుతుంది, తక్కువ ధరకు ఇవ్వగలుగుతుంది, మీ ఉత్తరానికి యజమానే జవాబు రాస్తాడు. సంస్థ చిన్నది కాబట్టే ఒక్క విడత అమ్ముడుపోకపోయినా మూతపడే ప్రమాదం కూడా ఉంటుంది. అందువల్ల డయల్ రంగు కంటే, ధర కంటే ముందు వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది: ఈ సంస్థ ఐదేళ్ల తరవాత లేకపోతే నా చేతికున్న వాచీని ఎవరు బాగుచేస్తారు?

ఈ ప్రశ్నకు మన దేశంలోనే ఒక మంచి జవాబు కనిపిస్తుంది. 1961లో జపాన్‌కు చెందిన సిటిజన్ సంస్థ సహకారంతో బెంగళూరులో హెచ్ఎంటీ వాచీల తయారీ మొదలైంది. హెచ్ఎంటీ వాచెస్ మూసివేతకు 2016లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అయినా ఆ సంస్థ చేసిన జనతా, పైలట్ వంటి కీ ఇచ్చే వాచీలు నేటికీ ఎందరి చేతుల మీదో నడుస్తూనే ఉన్నాయి. వాటి లోపలి యంత్రం పెద్ద సంఖ్యలో తయారైంది, పాత వాచీల నుంచైనా విడిభాగాలు దొరుకుతాయి, దాన్ని విప్పి శుభ్రం చేసి బిగించడం తెలిసిన మెకానిక్కులు ఇంకా ఉన్నారు. మైక్రోబ్రాండ్ వాచీలో మనం వెతకవలసింది సరిగ్గా ఈ గుణాన్నే.

మైక్రోబ్రాండ్లు ఎలా సాధ్యమయ్యాయి

చేతిగడియారంలో అన్నిటికంటే కష్టమైన భాగం లోపలి యంత్రం. దాన్నే మూవ్‌మెంట్ అంటారు. దాన్ని సొంతంగా రూపొందించి తయారు చేయాలంటే కోట్ల రూపాయల పెట్టుబడి, ఏళ్ల తరబడి శ్రమ కావాలి. చిన్న సంస్థలు ఆ జోలికి పోవు. జపాన్‌లోని సీకో, సిటిజన్ సమూహానికి చెందిన మియోటా, స్విట్జర్లాండ్‌లోని సెలిటా వంటి తయారీదారుల దగ్గర సిద్ధంగా ఉన్న మూవ్‌మెంట్లు కొని, చైనాలో గానీ మరోచోట గానీ కేసు, డయల్, ముళ్లు తమ డిజైన్ ప్రకారం చేయించి, వాటిని జతచేయించి అమ్ముతాయి. ఒకప్పుడు స్విస్ మూవ్‌మెంట్ అంటే స్వాచ్ గ్రూపుకు చెందిన ఈటీఏ చేసేదే ఎక్కువగా వాడేవారు. బయటివారికి సరఫరా తగ్గిస్తామని ఆ గ్రూపు 2000 దశకం తొలి ఏళ్లలోనే ప్రకటించడంతో, అదే నిర్మాణాన్ని అనుసరించే సెలిటా మూవ్‌మెంట్లకు గిరాకీ పెరిగింది. 2009లో మొదలైన కిక్‌స్టార్టర్ వంటి వేదికలు పెట్టుబడి సమస్యను కూడా తీర్చాయి. వాచీ తయారు కాకముందే కొనేవారి దగ్గర డబ్బు తీసుకుని, ఆ డబ్బుతోనే తయారు చేయించడం సాధ్యమైంది. ఈ చివరి సంగతి మీ జేబుకు నేరుగా సంబంధించినది కాబట్టి దీని గురించి తరవాత మళ్లీ చెబుతాను.

ఆకర్షణ ఎక్కడుంది

ధర తక్కువ కావడమే అసలు ఆకర్షణ అని చాలామంది అనుకుంటారు. అది సగం నిజం మాత్రమే. దుకాణం అద్దె, డీలరు కమీషను, సినిమా తారల ప్రకటనలు లేకపోవడం వల్ల సఫైర్ అద్దం, మంచి స్టీలు కేసు, చేతి కదలికకు తానే చుట్టుకునే నమ్మదగిన ఆటోమేటిక్ మూవ్‌మెంటు ఉన్న వాచీని పెద్ద పేరున్న కంపెనీ కంటే చౌకగా ఇవ్వడం వీటికి సాధ్యమే. కానీ నా దృష్టిలో వీటి విలువ రూపకల్పనలో ఉంది. పెద్ద కంపెనీ లక్షల మందికి నచ్చేదే చేయాలి. మూడు వందల మందికి నచ్చితే చాలనుకునే సంస్థ ధైర్యం చేయగలదు.

కొన్ని ఉదాహరణలు చూడండి. స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో ఉన్న ఆన్‌ఆర్డెయిన్ సంస్థ, లోహపు పలక మీద గాజు పొడిని పొరలు పొరలుగా కొలిమిలో కరిగించి చేసే ఎనామెల్ డయళ్లకు పేరు తెచ్చుకుంది. ఇంత శ్రమ పట్టే డయలు ఒకప్పుడు చాలా ఖరీదైన వాచీల్లోనే కనిపించేది. మలేసియాలో 2017లో మొదలైన మింగ్ సంస్థ, ఎక్కడ చూసినా ఇది మింగ్ అని గుర్తుపట్టగలిగే, బెల్టు తగిలించే కొమ్ముల ఆకృతితో, వెలుతురు లోతుగా ఆడే డయళ్లతో, 2019లో జెనీవా గడియారాల గ్రాండ్ ప్రి పోటీలో బహుమతి అందుకుంది. ఫ్రాన్స్‌కు చెందిన బాల్టిక్ సంస్థ 1940ల నాటి వాచీల సొగసును తిరిగి చిన్న కొలతల్లో తెచ్చింది. ఇంగ్లండ్‌లోని స్టూడియో అండర్‌డాగ్ పుచ్చకాయ రంగుల్లో ఒక క్రోనోగ్రాఫ్ (స్టాప్‌వాచ్ ఉన్న వాచీ) చేసి, గంభీరంగా ఉండే ఈ రంగంలో నవ్వు పూయించింది. క్రిస్టఫర్ వార్డ్ సంస్థ 2004లో ముగ్గురు మిత్రులతో మొదలై, గంటకోసారి సన్నగా మోగే బెల్ కాంటో అనే వాచీతో 2023లో అదే జెనీవా పోటీలో బహుమతి గెలుచుకుంది. ఇప్పుడు దాన్ని మైక్రోబ్రాండ్ అనడం కష్టమే, కానీ చిన్న సంస్థ ఎంత దూరం ఎదగగలదో అది చూపిస్తుంది.

మన దేశంలోనూ ఈ ప్రయత్నం గట్టిగానే సాగుతోంది. 2018లో ఒక దంపతులు మొదలుపెట్టిన బెంగళూర్ వాచ్ కంపెనీ, భారత వైమానిక దళపు మిగ్-21 విమానం, అంతరిక్ష యాత్రలు, క్రికెట్ వంటి మన కథలను డయల్ మీదికి తెచ్చింది. 2013 నుంచి ఉన్న జైపూర్ వాచ్ కంపెనీ పాత నాణేలనే డయళ్లుగా మార్చి అమ్ముతోంది. హైదరాబాద్ ఆల్విన్ 1980 దశకంలో సీకో సహకారంతో వాచీలు చేసిన చరిత్ర మనకు ఉంది. ఆ నగరం పేరు డయల్ మీద మళ్లీ చూడాలని నాకు గట్టి కోరిక. దేశంలోనే ఉన్న సంస్థ దగ్గర కొంటే కస్టమ్స్ బెడద ఉండదు, మరమ్మతుకు పంపడమూ సులువు. మొదటి మైక్రోబ్రాండ్ వాచీకి ఈ రెండు సౌకర్యాలు చిన్నవేమీ కావు.

ముందు మూవ్‌మెంట్ పేరు చూడండి

అమ్మకపు పేజీలో ఎన్ని అందమైన ఫొటోలున్నా, మొదట వెతకవలసింది మూవ్‌మెంట్ నంబరు. "జపనీస్ ఆటోమేటిక్" అనో "హై ప్రెసిషన్ మూవ్‌మెంట్" అనో రాసి నంబరు చెప్పకపోతే, అడగండి. అడిగినా చెప్పకపోతే ఆ వాచీని అక్కడే వదిలేయండి. ఈ ఒక్క విషయంలో మొహమాటం పనికిరాదు.

మధ్యస్థ ధరలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది సీకో చేసే ఎన్‌హెచ్ 35. సీకో తన సొంత వాచీల్లో 4ఆర్ 35 అనే పేరుతో వాడే మూవ్‌మెంటుకు ఇది బయటివారికి అమ్మే రూపం. గంటకు 21,600 సార్లు కొట్టుకుంటుంది, పూర్తిగా చుట్టుకుంటే దాదాపు 41 గంటలు నడుస్తుంది, తయారీదారు ప్రకారం రోజుకు 20 సెకన్లు వెనకబడటం నుంచి 40 సెకన్లు ముందుకు పోవడం దాకా దానికి అనుమతించిన తేడా. ఈ అంకెలు చూసి కొందరు పెదవి విరుస్తారు. నేను మాత్రం దీన్ని గట్టిగా సమర్థిస్తాను. చవకైనది, మొండిది, ప్రపంచమంతటా దొరుకుతుంది. అబిడ్స్‌లోని అనుభవమున్న మెకానిక్ అయినా, అమెరికాలోని మెకానిక్ అయినా దీన్ని చూసి వెనకాడడు. బాగా పాడైతే మరమ్మతుకు బదులు కొత్త మూవ్‌మెంటే వేయించుకోవచ్చు. దానికయ్యే ఖర్చు చాలాసార్లు పూర్తి సర్వీసు కంటే తక్కువే. ముందు చెప్పిన ప్రశ్నకు, అంటే సంస్థ మూతపడితే ఏమిటన్న దానికి, ఇంతకంటే గట్టి హామీ మరొకటి లేదు. దీని లోపం మందం. ఐదు మిల్లీమీటర్లు దాటిన ఈ మూవ్‌మెంట్ వేసిన వాచీ పలుచగా రావడం కష్టం, చొక్కా చేతి కఫ్ కింద ఇమడదు.

పలుచని వాచీ కావాలనుకునే వారికి మియోటా 9015 గానీ, తేదీ లేని దాని రూపమైన 9039 గానీ మంచివి. వీటి మందం నాలుగు మిల్లీమీటర్ల లోపే, గంటకు 28,800 సార్లు కొట్టుకుంటాయి కాబట్టి సెకన్ల ముల్లు మరింత సాఫీగా జారుతుంది. లోపలి బరువు చక్రం ఒక వైపు తిరిగినప్పుడే స్ప్రింగును చుట్టుతుంది, రెండో వైపు స్వేచ్ఛగా గిర్రున తిరుగుతుంది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఆ శబ్దం వినిపిస్తుంది. అది లోపం కాదు, దాని నిర్మాణమే అంత. అదే సంస్థ చేసే 8215 పాత తరానిది, చౌకది. ధర ఎక్కువ చెబుతూ ఇది వేసి ఉంటే, డబ్బు ఎక్కడ ఖర్చుపెట్టారో అమ్మేవారిని అడగడం న్యాయమే.

సెలిటా ఎస్‌డబ్ల్యూ 200 స్విస్ మూవ్‌మెంట్లలో ఎక్కువగా కనిపించేది. మంచి మెకానిక్ చేతిలో బాగా సర్దుకుంటుంది, విడిభాగాలు దొరుకుతాయి, కానీ ధర పెంచుతుంది. డయల్ మీద "స్విస్ మేడ్" అని రాయడానికి 2017 జనవరి నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం, తయారీ ఖర్చులో కనీసం 60 శాతం స్విట్జర్లాండ్‌లోదై ఉండాలి, మూవ్‌మెంట్ స్విస్‌ది కావాలి, దాన్ని కేసులో బిగించడమూ చివరి తనిఖీ అక్కడే జరగాలి. అంటే స్విస్ మూవ్‌మెంట్ ఉన్న ప్రతి వాచీ స్విస్ మేడ్ కాదు. "స్విస్ మూవ్‌మెంట్" అని మాత్రమే రాసుకున్న సంస్థ నిజం చెబుతోందని అర్థం చేసుకోండి. దానివల్ల వాచీకి తక్కువేమీ రాదు.

క్రోనోగ్రాఫ్ కోరుకునే వారు కాస్త ఆగి ఆలోచించాలి. మైక్రోబ్రాండ్ల చవకైన కీ ఇచ్చే క్రోనోగ్రాఫ్‌లలో చాలావరకు చైనాలోని తియాంజిన్‌లో సీగల్ సంస్థ చేసే ఎస్‌టీ 19 వర్గపు మూవ్‌మెంట్ ఉంటుంది. అది పాత స్విస్ వీనస్ 175 నిర్మాణం నుంచి వచ్చింది, వెనక అద్దంలోంచి చూడటానికి చాలా అందంగా ఉంటుంది. దాన్ని సరిచేయడానికి మాత్రం క్రోనోగ్రాఫ్ పని తెలిసిన చెయ్యి కావాలి, అది ప్రతి ఊళ్లో దొరకదు. ఇబ్బంది లేని దారి కావాలంటే సీకో వీకే 64 వంటి మెకాక్వార్ట్జ్ మంచిది. సమయాన్ని బ్యాటరీ నడుపుతుంది, స్టాప్‌వాచ్ మీటలు మాత్రం యాంత్రికంగా పనిచేస్తాయి, ఆపగానే ముల్లు టక్కున సున్నాకు చేరుతుంది. 2021లో జెనీవాలో బహుమతి పొందిన ఫుర్లాన్ మారీ వాచీలో ఉన్నది ఇలాంటిదే. బ్యాటరీ వాచీ అని తక్కువగా చూడవలసిన పని లేదు.

ఇక "మా సొంత మూవ్‌మెంట్" అని చెప్పుకునే చిన్న సంస్థల విషయంలో రెండింతలు జాగ్రత్తగా ఉండాలి. అది నిజంగా సొంతమే అయితే, సంస్థ పోయిన రోజున దాని విడిభాగాలూ పోతాయి. సొంతం కాకపోతే, మామూలు మూవ్‌మెంటుకు పేరు మార్చి అమ్ముతున్నారన్నమాట. దేని మీద ఆధారపడి చేశారో స్పష్టంగా చెప్పే సంస్థను నమ్మవచ్చు.

చేతికి పెట్టుకోకుండా కొలతలు తెలుసుకోవడం

షోరూములో పెట్టుకుని చూసే అవకాశం లేకపోవడం మైక్రోబ్రాండ్ల పెద్ద లోటు. అందరూ కేసు వ్యాసం చూస్తారు, కానీ చేతికి సరిపోతుందో లేదో తేల్చేది బెల్టు తగిలించే పై కొమ్ము నుంచి కింది కొమ్ము దాకా ఉండే పొడవు. మీ మణికట్టు పైభాగం ఎంత వెడల్పు ఉందో స్కేలుతో కొలవండి. వాచీ పొడవు దానికంటే నాలుగైదు మిల్లీమీటర్లయినా తక్కువ ఉండాలి. ఆ కొలతలతో ఒక అట్టముక్క కత్తిరించి మణికట్టు మీద పెట్టి అద్దంలో చూసుకుంటే, ఎన్ని ఫొటోలు చూసినా తెలియని సంగతి తెలుస్తుంది. మందం చెప్పేటప్పుడు కొన్ని సంస్థలు ఉబ్బెత్తు అద్దాన్ని లెక్కలోకి తీసుకోవు కాబట్టి, అద్దంతో కలిపి ఎంతో అడగాలి.

అద్దం సఫైర్ అయితే గీతలు పడటం చాలా అరుదు. కాఠిన్యంలో వజ్రానికి దగ్గరగా ఉండే పదార్థం అది. గట్టి దెబ్బ తగిలితే మాత్రం పగులుతుంది. న్యూయార్క్‌లోని లోరియర్ వంటి కొన్ని సంస్థలు కావాలనే ప్లెక్సీ అనే ప్లాస్టిక్ రకపు అద్దం వాడతాయి. దానికి గీతలు పడతాయి, కానీ పాలిష్‌తో పోతాయి, పాత వాచీల వెచ్చని మెరుపు దానికే వస్తుంది. ఇందులో తప్పొప్పులు లేవు, మీకు ఏది కావాలో తెలిసి కొనాలి.

నీటి విషయంలో 50 మీటర్లు అని రాసి ఉంటే ఆ లోతుకు మునగవచ్చని అనుకోవద్దు. చేతులు కడుక్కోవడానికి, వానలో తడవడానికి అది సరిపోతుంది. ఈత కొట్టేవారికి 100 మీటర్లు, మర బిగించే కీ (వాచీ పక్కన ఉండే, తిప్పి బిగించే గుబ్బ) ఉండటం మంచిది. డైవింగ్ వాచీ అని చెప్పుకునేవారు ఐఎస్ఓ 6425 ప్రమాణం ప్రకారం పరీక్షించారా, లేక ఆ రూపం మాత్రమే తెచ్చారా అన్నది అడగదగిన ప్రశ్న.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరప్రాంతాల వారికి ఒక మాట. వేసవి చెమటకు తోలు బెల్టు త్వరగా పాడై వాసన వస్తుంది, కంచు కేసు పచ్చబడి చర్మానికి మరక అంటిస్తుంది. స్టీలు చైనుతో కొని, విడిగా ఒక రబ్బరు బెల్టు ఉంచుకోవడం మేలు. కొమ్ముల మధ్య వెడల్పు 18, 20, 22 మిల్లీమీటర్ల వంటి మామూలు కొలత అయితే బెల్టు ఎక్కడైనా దొరుకుతుంది. 19, 21 అయితే వెతుక్కోవాలి. ఆ సంస్థకే ప్రత్యేకమైన ఆకారంలో చైను కేసులో కలిసిపోయి ఉంటే, అది తెగిన నాడు మళ్లీ ఆ సంస్థనే ఆశ్రయించాలని గుర్తుంచుకోండి.

అమ్మేవారిని చదవడం

వాచీని చదవడం కంటే ఇది కష్టమైన పని, కానీ డబ్బు పోయేది ఎక్కువగా ఇక్కడే. మైక్రోబ్రాండ్ పేరుతో వచ్చే వాచీలన్నీ ఎవరో కూర్చుని గీసినవి కావు. కర్మాగారాల దగ్గర సిద్ధంగా ఉన్న నమూనాల పట్టికలోంచి ఒకటి ఎంచుకుని, డయల్ మీద తమ పేరు ముద్రించి, "ముగిసిపోతోంది, 70 శాతం తగ్గింపు" అని సామాజిక మాధ్యమాల్లో ప్రకటనలిచ్చేవారు చాలామంది ఉన్నారు. దీన్ని పట్టుకోవడానికి సులువైన పద్ధతి ఉంది. వాచీ ఫొటోను ఇమేజ్ సెర్చ్‌లో పెట్టండి. అదే కేసు, అవే ముళ్లు వేరే పేర్లతో చైనా అమ్మకపు సైట్లలో పదో వంతు ధరకు కనిపిస్తే విషయం అర్థమైపోతుంది. ఏడాది పొడవునా "తగ్గింపు" నడిచే చోట అసలు ధర అన్నదే లేదు.

ప్రసిద్ధ వాచీల రూపాన్ని దాదాపు యథాతథంగా అనుకరించేవి మరో రకం. వీటిని హోమేజ్ అంటారు. పేరు, లోగో దొంగిలించనంత వరకు అవి నకిలీలు కావు, పనితనం బాగున్నవీ ఉన్నాయి. కానీ నా మటుకు మైక్రోబ్రాండ్ కొనడంలోని అసలు సుఖం కొత్త ఆలోచనను చేతికి తొడుక్కోవడం. మరొకరి ఆలోచన నకలు కోసం ఈ నిరీక్షణా ఈ రిస్కూ పడటం నాకు సబబుగా తోచదు.

సంస్థను అంచనా వేయడానికి ముందుగా దాని వయసు, ఎన్ని విడతలు చెప్పిన సమయానికి అందించింది, లోపమున్న వాచీ విషయంలో ఎలా ప్రవర్తించింది అన్నవి చూడాలి. ఉచితంగా వాచీ పుచ్చుకుని చేసిన వీడియో సమీక్షల కంటే, కొనుక్కుని రెండేళ్లు వాడినవారు రాసిన మాటలకు విలువ ఎక్కువ. తరవాత మీరే ఒక ఉత్తరం రాయండి. మూవ్‌మెంట్ నంబరు, నీటి పరీక్ష ప్రతి వాచీకీ చేస్తారా అన్నది, వారంటీ కాలం, వారంటీలో రవాణా ఖర్చు ఎవరిది, కీ, అద్దం, అద్దం చుట్టూ ఉండే వలయం (బెజెల్) వంటి విడిభాగాలు విడిగా అమ్ముతారా అన్న విషయాలు అడగండి. మూవ్‌మెంట్ ఎక్కడైనా దొరుకుతుంది గానీ ఆ కేసుకే కొలిచి చేసిన కీ, బెజెల్ ఆ సంస్థ దగ్గర తప్ప దొరకవు. జవాబు ఎంత త్వరగా వచ్చిందన్నది ముఖ్యమే, కానీ ఎంత సూటిగా వచ్చిందన్నది ఇంకా ముఖ్యం. డబ్బు చెల్లించకముందు తప్పించుకునే జవాబు ఇచ్చినవారు చెల్లించాక మారిపోరు.

ముందస్తు చెల్లింపు విషయానికి వద్దాం. కిక్‌స్టార్టర్ దుకాణం కాదు. అక్కడ మీరు ఒక ప్రయత్నానికి ఊతమిస్తున్నారు, వస్తువు అందుతుందని ఆ వేదిక హామీ ఇవ్వదు. బాల్టిక్, ఫుర్లాన్ మారీ వంటి మంచి సంస్థలు అక్కడే పుట్టాయన్నది నిజం. చెప్పిన తేదీ దాటి నెలల తరబడి ఆలస్యమైన ప్రాజెక్టులు, వాచీ అందకుండానే ఆగిపోయినవి ఉన్నాయన్నదీ నిజమే. నమూనా వాచీ నిజంగా తయారైందా, లేక కంప్యూటర్‌లో గీసిన బొమ్మలే చూపిస్తున్నారా అన్నది మొదట గమనించాలి. పోగొట్టుకున్నా ఇల్లు గడవడానికి ఇబ్బంది రానంత డబ్బే అక్కడ పెట్టాలి. మొదటిసారి కొనేవారు ముందస్తు ఆర్డర్లు పక్కన పెట్టి, స్టాకులో ఉండి వెంటనే పంపే వాచీని ఎంచుకోవాలని నా గట్టి సలహా.

ధర అసలు ఎంత

విదేశీ సైటులో కనిపించే ధర మీరు కట్టే ధర కాదు. వస్తువు విలువ, రవాణా, బీమా కలిపిన మొత్తం మీద ప్రాథమిక కస్టమ్స్ సుంకం, ఆ సుంకం మీద పది శాతం సోషల్ వెల్ఫేర్ సర్‌చార్జి, అన్నీ కలిపిన మొత్తం మీద ఐజీఎస్టీ (దిగుమతుల మీద పడే జీఎస్టీ) పడతాయి. ఉదాహరణకు ప్రాథమిక సుంకం 20 శాతం, ఐజీఎస్టీ 18 శాతం అనుకుంటే, 30,000 రూపాయల వాచీకి సుంకం 6,000, సర్‌చార్జి 600, ఐజీఎస్టీ 6,588 కలిసి మొత్తం 43,188 రూపాయలవుతుంది. బడ్జెట్లలోనూ వాణిజ్య ఒప్పందాలతోనూ ఈ రేట్లు మారుతుంటాయి కాబట్టి ఆర్డరు పెట్టే రోజున అమల్లో ఉన్నవి చూసుకుని ఇదే పద్ధతిలో లెక్క వేసుకోవాలి. కొరియర్ సంస్థ తన సేవా రుసుము వేరే తీసుకుంటుంది, గుర్తింపు పత్రాలు అడుగుతుంది. కార్డు కంపెనీ విదేశీ మారక రుసుము కూడా కలుపుకోవాలి. ఇవన్నీ కలిపాక అదే డబ్బుకు మన ఊళ్లోని షోరూములో టైటాన్, సీకో, సిటిజన్ ఏమిస్తున్నాయో చూడండి. చాలాసార్లు చౌక అన్న మాట అక్కడే వీగిపోతుంది, మిగిలేది రూపకల్పన మీద ఇష్టం. ఆ ఇష్టం బలంగా ఉంటేనే ముందుకు వెళ్లాలి.

సుంకం తప్పించుకోవడానికి విలువ తక్కువ రాసి పంపమని అడగడం చట్టవిరుద్ధం. పార్సెల్ పోతే బీమా కూడా ఆ తక్కువ విలువకే వస్తుంది. అమెరికా నుంచి వచ్చే బంధువుల చేత తెప్పించుకున్నా, సుంకం లేని సామాను పరిమితి దానికీ వర్తిస్తుంది. అమెరికాలోనే ఉన్న తెలుగువారు గమనించవలసింది మరొకటి: 800 డాలర్ల లోపు పార్సెళ్లకు అక్కడ ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తివేశారు. యూరప్ నుంచో సింగపూర్ నుంచో తెప్పించుకునే వాచీకి ఇప్పుడు వారూ సుంకం లెక్క చూసుకోవాలి.

తిరిగి అమ్మేటప్పుడు వచ్చే ధర మీద ఆశ పెట్టుకోవద్దు. కొద్ది సంస్థల పరిమిత సంఖ్య వాచీలను వదిలేస్తే, మిగతావి పెట్టె తెరిచిన రోజే విలువలో గణనీయమైన భాగం పోగొట్టుకుంటాయి. మన దేశంలో వీటిని ఎరిగిన కొనుగోలుదారులు తక్కువ కాబట్టి నష్టం మరింత ఉంటుంది. ఇదే సంగతి కొనేవారికి అనుకూలంగానూ పనిచేస్తుంది. ఎవరైనా కొద్దిగా వాడి బిల్లుతో సహా అమ్ముతున్న వాచీని దేశంలోనే కొంటే, సుంకమూ నిరీక్షణా రెండూ తప్పుతాయి.

పార్సెల్ వచ్చాక

పెట్టె తెరిచేటప్పుడు వీడియో తీయండి. ప్లాస్టిక్ పొరలు తీయకముందే వాచీని పరిశీలించాలి, ఎందుకంటే పెట్టుకున్న వాచీని చాలా సంస్థలు వెనక్కి తీసుకోవు. డయల్ మీద, ముళ్ల మీద దుమ్ము గానీ గీత గానీ ఉందా, పన్నెండు గంటలకు రెండు ముళ్లు సరిగ్గా కలుస్తున్నాయా, తిరిగే బెజెల్ మీది త్రికోణం 12 అంకెకు ఎదురుగా ఆగుతోందా, మర బిగించే కీ సాఫీగా పడుతోందా చూడండి. చిన్న సంస్థల నాణ్యతా తనిఖీలో ఎక్కువగా జారిపోయేవి ఇవే. తేదీ అర్ధరాత్రి ప్రాంతంలో మారుతోందో లేదో గమనించండి. తేదీని చేత్తో మార్చవలసి వస్తే రాత్రి 9 నుంచి తెల్లవారుజాము 3 దాకా ఆ పని చేయకూడదు. ఆ వేళ తేదీ చక్రాలు పట్టులో ఉంటాయి, బలవంతం చేస్తే పళ్లు విరుగుతాయి.

మొదటి వారం ప్రతిరోజూ ఒకే వేళకు ఫోను గడియారంతో పోల్చి తేడా రాసుకోండి. ఆ మూవ్‌మెంటుకు అనుమతించిన హద్దు దాటితే వెంటనే ఫొటోలతో సహా సంస్థకు తెలియజేయాలి. బాగా నడుస్తున్న వాచీ ఉన్నట్టుండి రోజుకు నిమిషాల కొద్దీ ముందుకు పోతుంటే, స్పీకరు దగ్గరో ఫోను కవరు అయస్కాంతం దగ్గరో పెట్టడం వల్ల దానికి అయస్కాంతత్వం అంటి ఉండవచ్చు. మెకానిక్ దగ్గర నిమిషంలో పోయే దోషం అది, దాని కోసం వాచీని సముద్రాలు దాటించనక్కర్లేదు.

నిజంగానే వారంటీ కింద విదేశానికి పంపవలసి వస్తే, మరమ్మతు కోసం పంపుతున్నట్టు పత్రాల మీద స్పష్టంగా రాయించి, అసలు బిల్లు, సుంకం కట్టిన రసీదు, సంస్థతో జరిగిన ఉత్తరాలు జతచేసి, ప్రతులు మీ దగ్గర ఉంచుకోండి. ఆ కాగితాలు లేకపోతే తిరిగి వచ్చేటప్పుడు దాన్ని కొత్త కొనుగోలుగా లెక్కగట్టి మళ్లీ సుంకం అడిగే అవకాశం ఉంది. చిన్న మరమ్మతు అయితే, స్థానికంగా చేయించుకుంటే ఖర్చు భరిస్తారా అని సంస్థను ముందే అడగండి. మంచి సంస్థలు ఒప్పుకుంటాయి, మూవ్‌మెంట్ మామూలుదైతే మరీ సులువుగా ఒప్పుకుంటాయి.

వారంటీ నడుస్తుండగానే, సంస్థ విడిభాగాలు అమ్ముతుంటే, ఒక కీ, ఒక అద్దం, నీరు చొరకుండా ఆపే రబ్బరు వలయాల జత కొని పెట్టుకోవడం మంచి పని. ఒక చీటీ మీద మూవ్‌మెంట్ నంబరు, అద్దం వ్యాసం, బెల్టు వెడల్పు, కొన్న తేదీ రాసి వాటితో పాటు పెట్టెలో ఉంచండి. ఐదేళ్లకో ఏడేళ్లకో సర్వీసుకు తీసుకెళ్లిన రోజున, ఆ వాచీ పేరు ఎన్నడూ వినని మెకానిక్‌కు ఆ చీటీ చూపిస్తే చాలు.